తుస్సుమన్న తూటాతో తొందర వద్దు

దీపావళి రాత్రి పిల్లవాడు లక్ష్మీబాంబుకు వత్తి అంటించి వెనక్కి పరుగెత్తుతాడు. వత్తి కాలిపోతుంది, చప్పుడు మాత్రం రాదు. తుస్సుమందేమో అనుకుని దగ్గరికెళ్లి వంగి చూడబోతాడు. అరుగు మీద నుంచి నాయనమ్మ కేక వేస్తుంది: "ఒరేయ్, దగ్గరికి పోకు! కాసేపు ఆగు!" పేలినదాని కంటే పేలనిదాన్నే ఎక్కువ అనుమానించాలని ఆవిడకు అనుభవం నేర్పింది.

షూటింగ్ రేంజ్‌లోకి కొత్తగా వచ్చేవారికి చెప్పాల్సిన మొదటి పాఠం కూడా ఇదే. మన దగ్గర చాలామంది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తోనో, ఎయిర్ రైఫిల్‌తోనో మొదలుపెడతారు. వాటిలో సీసపు పెల్లెట్‌ను గాలి తోస్తుంది, మందు ఉండదు. అక్కడి నుంచి 25 మీటర్ల పిస్టల్‌కో, 50 మీటర్ల రైఫిల్‌కో మారిన రోజు నుంచి చేతిలో ఉండేది మందు దట్టించిన తూటా. ఎన్‌సీసీ క్యాంపులో మొదటిసారి పాయింట్ టూటూ రైఫిల్ పట్టే కేడెట్‌ది కూడా ఇదే పరిస్థితి. గురి ఎలా పెట్టాలో అందరూ నేర్పుతారు. తూటా సరిగ్గా పేలకపోతే ఏం చేయాలో కూడా అదే రోజు నేర్చుకోవాలి.

ఈ వ్యాసం మొత్తాన్ని ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: వెనకటి తూటా ఏమైందో తేలకుండా తర్వాతి తూటా పేల్చకూడదు. దీన్ని ఆచరణలో పెట్టడానికి ఏడు మెట్లున్నాయి.

1వ మెట్టు: తూటా ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి

తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి కేస్, నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, ముందు గుండు. ట్రిగ్గర్ నొక్కగానే ఫైరింగ్ పిన్ ప్రైమర్‌ను కొడుతుంది. ప్రైమర్ మండి మందుకు నిప్పు అందిస్తుంది. మందు కాలి పుట్టిన వాయువు గుండును బ్యారెల్ గుండా బయటికి తోస్తుంది. ఇదంతా కంటికి అందనంత వేగంగా జరిగిపోతుంది. ఈ వరుసలో ఎక్కడ తేడా వస్తే ఆ రకం ప్రమాదం ఎదురవుతుంది.

కొత్తవారు ఎక్కువగా వాడేది .22 లాంగ్ రైఫిల్ తూటా. ఇది 1887 నుంచీ వాడుకలో ఉంది. మామూలుగా దీని గుండు బరువు 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాములకు కొంచెం ఎక్కువ. చూడ్డానికి చిన్నదే అయినా ఆ గుండు కిలోమీటరు దాటి పోగలదు. ఈ తూటాకున్న మూడు లక్షణాలు గుర్తుపెట్టుకోండి.

మొదటిది, ప్రైమర్ మందు దీని అడుగు మధ్యలో ఉండదు, చుట్టూ ఉన్న అంచు లోపల ఉంటుంది. ఆ మందు అంచంతా సమానంగా పరుచుకోకపోతే, పిన్ తగిలినచోట అది లేకపోతే, తూటా పేలదు. అందుకే మధ్యలో ప్రైమర్ ఉండే పెద్ద తూటాల కంటే వీటిలో పేలనివి ఎక్కువగా తగులుతాయి.

రెండోది, పిన్ దెబ్బకు అంచు నలగాలి కాబట్టి కేస్‌ను పల్చటి ఇత్తడితో చేస్తారు. బ్యారెల్ మొదట్లో తూటా కూర్చునే గదిని చాంబర్ అంటారు; దాని గోడలు చుట్టూ గట్టిగా పట్టి ఉంచినంతసేపే ఆ కేస్ ఒత్తిడికి తట్టుకుంటుంది. ఆ ఆసరా లేనిచోట చీలిపోతుంది.

మూడోది, గుండు మీద పైపూతగా మైనమో గ్రీజో ఉంటుంది. కింద పడితే దానికి ఇసుక, దుమ్ము ఇట్టే అంటుకుంటాయి.

2వ మెట్టు: సరైన తూటా, మంచి తూటా ఎంచుకోండి

ముందు బ్యారెల్ మీద చెక్కిన అక్షరాలు చదవండి. తర్వాత తూటాల పెట్టె మీద రాసింది చదవండి. రెండూ అక్షరం తేడా లేకుండా కలవాలి. 'పాయింట్ టూటూ అంటే పాయింట్ టూటూయే కదా' అనుకోకండి. ఆ పేరుతో షార్ట్, లాంగ్, లాంగ్ రైఫిల్, మాగ్నమ్ అని వేర్వేరు తూటాలున్నాయి. మాగ్నమ్ చాంబర్ కొంచెం వెడల్పు. అందులో లాంగ్ రైఫిల్ తూటా వదులుగా కూర్చుంటుంది, పేలినప్పుడు ఆసరా చాలక కేస్ చీలుతుంది. తూటా చాంబర్‌లో పట్టినంత మాత్రాన అది ఆ తుపాకీదే అని కాదు.

తర్వాత ఒక్కో తూటానూ వేళ్ల మధ్య తిప్పి చూడండి. వీటిలో ఏది కనిపించినా పక్కన పెట్టేయండి:

- ఇత్తడికి పచ్చగా చిలుము పట్టడం
- కేస్ మీద సొట్ట, పగులు, గీరుకుపోయిన గుర్తు
- గుండు ఒక పక్కకు ఒరగడం, వేలితో తాకితే కదలడం
- అంచు వంకరపోవడం, ఉబ్బడం
- ఒంటికి ఇసుక, మట్టి అంటుకోవడం

భద్రపరచడంలోనూ శ్రద్ధ కావాలి. తూటాలను వాటి అసలు పెట్టెలోనే, చల్లగా పొడిగా ఉండేచోట తాళం వేసి ఉంచండి. పెట్టె మీద ఆ తయారీ విడత సంఖ్య ఉంటుంది. ఒకే పెట్టెలో రెండు మూడు పేలకపోతే, ఆ సంఖ్యను బట్టే మిగతావి పక్కన పెట్టగలుగుతారు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో గాలిలోని తేమకు, ఉప్పుకు ఇత్తడికి త్వరగా చిలుము పడుతుంది. మే నెల ఎండలో తలుపులు మూసిన కారులో తూటాలు వదిలేస్తే గుండు మీది మైనం మెత్తబడుతుంది, లోపలి మందుకూ ఆ వేడి మంచిది కాదు.

తూటాలకు నూనె తగలనివ్వకండి. సన్నటి నూనె సందుల్లోంచి లోపలికి ఇంకి ప్రైమర్‌నూ మందునూ పాడుచేయగలదు. మెరుగు పెట్టాలని ఎవరైనా చెప్పినా వినకండి. ఎవరో ఇంట్లో మందు నింపుకున్న తూటాలు ఇచ్చినా, ఎంత ఆప్తులైనా సరే, వద్దనండి. కొత్తవారు వాడాల్సింది ఫ్యాక్టరీలో తయారై, పెట్టెలో వచ్చినవే.

3వ మెట్టు: మొదటి తూటాకు ముందే సిద్ధపడండి

కళ్లద్దాలు, చెవులకు రక్షణ లేకుండా ఫైరింగ్ లైన్ దగ్గరికి వెళ్లకండి. కేస్ చీలినప్పుడు వేడి వాయువు, ఇత్తడి రేణువులు వెనక్కి ఎగిరేది సరిగ్గా ముఖం వైపే.

తుపాకీ ఖాళీగా ఉందని, చాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్ట్ తెరిచి ఉందని చూసుకున్నాకే బ్యారెల్ పరీక్షించండి. శుభ్రం చేసేటప్పుడు వాడిన గుడ్డ పీలిక లోపలే ఉండిపోవచ్చు. నూనె చిక్కగా పేరుకుని ఉండవచ్చు. ముందు రోజు షూటింగ్‌లో ఇరుక్కున్న గుండే ఉండవచ్చు. చాంబర్ వైపు నుంచి వెలుతురు కనిపించాలి, లేదా క్లీనింగ్ రాడ్ అడ్డు లేకుండా ఇవతలి నుంచి అవతలికి పోవాలి. ఎలా చూడాలో మొదటి కొన్నిసార్లు కోచ్‌నే చూపించమనండి. మూతి వైపు నుంచి బ్యారెల్‌లోకి చూసే అలవాటు మాత్రం ఎప్పటికీ చేసుకోకండి.

ఆ రోజు విధుల్లో ఉన్న రేంజ్ ఆఫీసర్‌ను రెండు ప్రశ్నలు అడగండి. తూటా పేలకపోతే ఇక్కడ ఎంతసేపు ఆగాలి? పేలని తూటాలు వేసే పెట్టె ఎక్కడుంది? అవసరం వచ్చాక వెతుక్కోవడం కంటే ముందే తెలిసి ఉండటం మేలు.

చివరగా, తూటాలను గుప్పెడుగా బల్ల మీద పోయకండి. గుంటలున్న చెక్కలో అయిదేసి చొప్పున నిలబెట్టుకోండి. అయిదు పేల్చితే టార్గెట్ మీద అయిదు గుర్తులు ఉండాలి. ఒకటి తగ్గితే ఎక్కడ తగ్గిందో తేలేదాకా ఆరోది ముట్టుకోకండి.

4వ మెట్టు: మామూలుగా పేలే తీరును ఒంటబట్టించుకోండి

శ్రుతి తెలిసినవారికే అపశ్రుతి వినిపిస్తుంది. అందుకే మొదటి రోజుల్లో వేగం అక్కర్లేదు. ఒక్కో తూటా పేల్చి, తుపాకీ దించి, ఇప్పుడేం జరిగిందో మనసులో నెమరువేసుకోండి.

ప్రతి తూటాకూ మూడు సాక్ష్యాలుంటాయి. చెవికి చప్పుడు. చేతికి, భుజానికి తుపాకీ వెనక్కి తన్నిన తన్ను. కంటికి టార్గెట్ మీద పడిన రంధ్రం, లేదా ఎలక్ట్రానిక్ తెర మీద కనిపించే గుర్తు. సెమీ ఆటోమేటిక్ పిస్టల్ అయితే నాలుగో సాక్ష్యం కూడా ఉంది: ఖాళీ కేస్ పక్కకు ఎగరడం.

చెవులకు మఫ్‌లు ఉంటాయి, పక్క లేన్లలో తుపాకులు మోగుతుంటాయి కాబట్టి చప్పుడొక్కదాన్నే నమ్ముకోవడానికి లేదు. తన్ను తగ్గిందా, రంధ్రం పడిందా అనేవి కలిపి చూడాలి. సాక్ష్యాల్లో ఏ ఒక్కటి తేడాగా అనిపించినా ఆగండి. అనుమానం తప్పని తేలితే పోయేది ఒక నిమిషమే.

5వ మెట్టు: తేడా వచ్చినప్పుడు ఏం చేయాలి?

ఏ రకం తేడా అయినా మొదట చేయాల్సినవి నాలుగు పనులు. వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీయండి. తుపాకీ మూతిని టార్గెట్ వైపే ఉంచండి. కోచ్‌తో మాట్లాడటానికి కూడా ఒళ్లు తిప్పకండి, ఎందుకంటే మీతోపాటు తుపాకీ కూడా తిరుగుతుంది. తుపాకీని సురక్షితంగా పట్టుకుని ఖాళీ చెయ్యి పైకెత్తండి. ఈ నాలుగూ అసంకల్పితంగా వచ్చేదాకా ఖాళీ తుపాకీతో, కోచ్ సమక్షంలో సాధన చేయండి. ఆ తర్వాతే ఏ రకం తేడా అన్న ప్రశ్న.

*ట్రిగ్గర్ నొక్కారు, 'టిక్' మంది, ఏమీ జరగలేదు.* ఇది రెండు రకాల్లో ఏదైనా కావచ్చు. తూటా అసలు పేలకపోవడం మిస్‌ఫైర్. నిప్పు రాజుకుంటూ ఆలస్యంగా పేలడం హ్యాంగ్‌ఫైర్. బయటినుంచి చూస్తే ఈ రెండింటికీ తేడా తెలియదు, ప్రమాదమంతా అందులోనే ఉంది. హ్యాంగ్‌ఫైర్‌లో ఆలస్యం చాలాసార్లు క్షణంలో కొంత భాగమే. కానీ 'పేలలేదే' అని తుపాకీని పక్కకు తిప్పడానికి ఆ మాత్రం సమయం చాలు. వెంటనే బోల్ట్ లాగేస్తే ఇంకా ప్రమాదం. చాంబర్ ఆసరా లేకుండా బయట పేలిన తూటా కేస్ ముక్కలై కళ్లకు, చేతులకు తగులుతుంది.

కాబట్టి మూతిని టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. మీ రేంజ్ నియమం ఇంకా ఎక్కువసేపు ఆగమంటే దాన్నే పాటించండి. ఒకటి నుంచి ముప్పై దాకా నిదానంగా లెక్కపెట్టండి. తర్వాత రేంజ్ ఆఫీసర్ చూస్తుండగా మ్యాగజైన్ తీసి, ముఖం దూరంగా పెట్టి, బోల్ట్ తెరిచి తూటా బయటికి తీయండి.

ఆ తూటా అంచు మీద పిన్ గుర్తు చూడండి. లోతుగా పడి ఉంటే లోపం చాలావరకు తూటాదే. పైపైన గీత మాత్రమే ఉంటే పిన్ అరిగిందో, మసి చేరిందో, స్ప్రింగ్ బలహీనపడిందో అనుమానించాలి. మరో తూటా పేల్చే ముందు, తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌కు చూపించండి. పేలని తూటానే మళ్లీ పెట్టి కొట్టి చూసే ప్రయోగాలు కొత్తవారికి వద్దు.

*'తుస్' మంది, తన్ను చాలా తగ్గింది.* ఇదే అన్నిటికంటే ప్రమాదకరమైన తేడా. దీన్ని స్క్విబ్ అంటారు. కేస్‌లో మందు లేకపోయినా, తేమకు పాడైనా, ప్రైమర్ ఒక్కటే గుండును కొంత దూరం నెట్టగలదు. ఆ గుండు బయటికి రాకుండా బ్యారెల్‌లోనే ఇరుక్కుంటుంది. దాని వెనక మరో తూటా పేల్చితే వాయువుకు దారి ఉండదు. బ్యారెల్ ఉంగరంలా ఉబ్బుతుంది, లేదా పగిలిపోతుంది. అప్పుడు దాని పక్కనే ఉండేవి మీ చేతులు, ముఖం.

సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో మరో ఉచ్చు ఉంది. బలం చాలక పిస్టల్ పైభాగమైన స్లైడ్ కదలదు, కేస్ బయటికి రాదు. చూడ్డానికి మామూలు జామ్‌లాగే ఉంటుంది. అలవాటు కొద్దీ చెయ్యి స్లైడ్ లాగి వదులుతుంది, కొత్త తూటా చాంబర్‌లోకి ఎక్కుతుంది, వేలు ట్రిగ్గర్ మీదకు పోతుంది. క్షణాల్లో అయిపోయే పని. అందుకే టార్గెట్ షూటింగ్‌లో 'లాగి, మళ్లీ పేల్చెయ్' అనే అలవాటును మొదట్లోనే మానుకోవాలి.

తుస్సుమన్నట్టు అనిపించిందంటే ఆ తుపాకీతో ఆ రోజుకు షూటింగ్ అయిపోయినట్టే అనుకోండి. ఇక్కడా 30 సెకన్లు ఆగండి. రేంజ్ ఆఫీసర్ సాయంతో ఖాళీ చేసి, బోల్ట్ తెరిచి, చాంబర్ ఖాళీ అని చూపే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టండి. బ్యారెల్‌లో గుండు ఉందో లేదో ఆయన రాడ్‌తో చూస్తారు. ఉంటే దాన్ని తీయడం ఆర్మరర్ పని. మరో తూటాతో దాన్ని బయటికి తోద్దామన్న ఆలోచనే రానివ్వకండి.

*తూటా ఇరుక్కుంది, బోల్ట్ పూర్తిగా మూసుకోలేదు.* బొటనవేలితో నొక్కకండి, అరచేత్తో కొట్టకండి. బోల్ట్ పూర్తిగా మూసుకోకుండా తూటా పేలితే పల్చటి కేస్‌కు వెనక ఆసరా ఉండదు. చాకు మొనతోనో, స్క్రూడ్రైవర్‌తోనో పొడిచి తీయాలని అస్సలు చూడకండి. ఈ తూటా అంచు చుట్టూ ప్రైమర్ మందే ఉందని మొదటి మెట్టులో చెప్పుకున్నాం. లోహపు మొన అక్కడ బలంగా తగిలితే అది పిన్ దెబ్బతో సమానం.

*పేలింది గానీ ముఖానికి వేడిగాలి కొట్టింది, చప్పుడు వింతగా ఉంది.* కేస్ చీలి ఉండవచ్చు. ఆపి, ఖాళీ చేసి, కేస్ వెతికి చూడండి. చీలిక, కాలిన రంధ్రం, ఉబ్బిన అంచు కనిపిస్తే కేస్‌ను, పెట్టెను, తుపాకీని మూడింటినీ కోచ్‌కు చూపించండి. కేస్ ముక్క చాంబర్‌లో మిగిలిపోలేదని తేలేవరకు మరో తూటా పెట్టకండి.

6వ మెట్టు: పోటీలోనూ ఆగడం నేర్చుకోండి

'సాధనలో ఆగుతాం సరే, పోటీలో ఎలా?' అని పిల్లలు అడుగుతుంటారు. మహిళల 25 మీటర్ల పిస్టల్ పోటీనే తీసుకుందాం. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఇందులోనే జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం గెలిచింది. క్వాలిఫికేషన్‌లో 60 తూటాలుంటాయి: 30 నిదానంగా, 30 వేగంగా. వేగం దశలో టార్గెట్ 3 సెకన్లు అందుబాటులో ఉంటుంది, తర్వాత 7 సెకన్ల విరామం. ఒక్కో 3 సెకన్లకు ఒక్కో తూటా.

అంటే తుస్సుమన్న తూటాను గుర్తించి ఆగాలని నిర్ణయించుకోవడానికి మీకున్న వ్యవధి ఆ 7 సెకన్లే. సాధనలో నాటుకున్న అలవాటే అక్కడ ఆదుకుంటుంది.

పోటీ నియమాలు కూడా ఆగినవారి పక్షానే ఉన్నాయి. తేడా వస్తే పిస్టల్ పట్టు వదలకుండా, మూతిని టార్గెట్ వైపే ఉంచి, ఖాళీ చెయ్యి ఎత్తి అధికారికి చెప్పాలి. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడం, గుండు బ్యారెల్‌లో ఇరుక్కోవడం, కేస్ బయటికి రాకపోవడం లాంటివి ఆటగాడి తప్పు కాదని అంతర్జాతీయ నియమాలు గుర్తిస్తాయి. అధికారి పరీక్షించకముందే మీరు మెకానిజాన్ని ముట్టుకుంటే మాత్రం ఆ వెసులుబాటు పోతుంది. తప్పు తూటా పెట్టినా, మ్యాగజైన్ సరిగ్గా ఎక్కించకపోయినా అది మీ తప్పే.

7వ మెట్టు: పేలని తూటాను సరైన చోటికి చేర్చండి

పేలని తూటా చచ్చిన పాము కాదు. లోపల మందు అలాగే ఉంది. జేబులో వేసుకోకండి, చెత్తబుట్టలో పడేయకండి, గుర్తుగా ఇంటికి తెచ్చుకోకండి, విప్పి చూడకండి. రేంజ్ ఆఫీసర్‌కు అప్పగిస్తే, పేలని తూటాల పెట్టెలో వేసి లెక్క రాసుకుంటారు.

మన దేశంలో దీనికి చట్టపరమైన కారణం కూడా ఉంది. 1959 నాటి ఆయుధ చట్టం తుపాకీతోపాటు తూటాలకూ వర్తిస్తుంది. అనుమతి లేకుండా ఒక్క తూటా దగ్గర ఉన్నా చిక్కే. కిట్ బ్యాగు అడుగున మరచిపోయిన తూటా విమానాశ్రయం స్కానర్‌లో బయటపడితే ప్రయాణం అక్కడే ఆగుతుంది, విచారణ మొదలవుతుంది. రేంజ్ వదిలే ముందు బ్యాగు, జేబులు, తూటాల చెక్క అన్నీ దులిపి చూసుకోండి. ఇంటికెళ్లగానే చేతులు సబ్బుతో కడుక్కోండి, సీసం వేళ్లకు అంటుతుంది.

అమెరికాలో రేంజ్‌కు వెళ్లే మనవాళ్లకు

అక్కడ స్నేహితుల బృందం రకరకాల తుపాకులు ఒకే బల్ల మీద పెట్టుకుంటుంది. అందుకే తూటాలు కలిసిపోయే ప్రమాదం ఎక్కువ. రెండు ఉదాహరణలు గుర్తుంచుకోండి. .300 బ్లాకౌట్ తూటా .223 రైఫిల్ చాంబర్‌లోకి దూరగలదు. దాని గుండు మందం సుమారు 7.8 మిల్లీమీటర్లు, రైఫిల్ బ్యారెల్ దారి సుమారు 5.7. పేలితే రైఫిల్ తునాతునకలు కావచ్చు. అలాగే సన్నటి 20 గేజ్ తూటాను వెడల్పైన 12 గేజ్ షాట్‌గన్‌లో పెడితే ముందుకు జారి బ్యారెల్‌లో ఆగుతుంది. ఖాళీగా ఉందనుకుని దాని వెనక 12 గేజ్ తూటా పెట్టి పేల్చితే బ్యారెల్ పగులుతుంది. ఈ పొరపాటు జరగకూడదనే 20 గేజ్ తూటాలకు పసుపు రంగు వేస్తారు. బల్ల మీద ఒకసారికి ఒక తుపాకీ, దాని తూటాలు మాత్రమే ఉంచండి. రెండోది తీసే ముందు మొదటిదాని తూటాలు పెట్టెలోకి వెళ్లిపోవాలి.

వెళ్లే ముందు

చెయ్యెత్తడానికి మొదట్లో సిగ్గేస్తుంది. పక్క లేన్లలో అందరూ పేలుస్తుంటే, మీరొక్కరే ఆగి నిలబడటం తెలియనితనంలా అనిపిస్తుంది. నిజానికి అనుభవం ఉన్న కోచ్ ఎవరైనా సంతోషించేది ఆ ఎత్తిన చేతిని చూసే. పది పాయింట్ల వలయం ఈ రోజు తప్పితే రేపు దొరుకుతుంది. కన్ను, వేలు అలా కాదు.

మళ్లీ రేంజ్‌కు వెళ్లినప్పుడు, తూటా పేలక తుపాకీ మౌనంగా ఉండిపోతే, అరుగు మీది నాయనమ్మను తలుచుకోండి. మూతి ముందుకే ఉంచి, ఒకటి, రెండు, మూడు అని ముప్పై దాకా లెక్కపెట్టండి.